హాజరు పట్టీలో లేని పేర్లు

వృత్తి వ్యాధుల మీద జరిగిన పరిశోధన ఎంత నమ్మదగినదో తెలియాలంటే, లెక్కలోకి ఎవరిని తీసుకున్నారో ముందు చూడాలి. ఫ్యాక్టరీకి వెళ్లి ఆ రోజు పనిలోకి వచ్చినవాళ్లకే ఊపిరితిత్తుల పరీక్ష చేస్తే అందరూ బాగానే ఉన్నట్టు కనిపించవచ్చు. ఆయాసంతో నాలుగు మెట్లు ఎక్కలేక పని మానేసినవాడు అప్పటికే ఇంట్లో మంచం పట్టి ఉంటాడు. హాజరు పట్టీలో అతని పేరు ఉండదు. పైగా పనిలో చేర్చుకునేదే ఒంట్లో సత్తువ ఉన్నవాళ్లను. అందుకే కార్మికుల మరణాలను మొత్తం జనాభాతో పోల్చినప్పుడు ప్రమాదకరమైన పని కూడా క్షేమంగా తోస్తుంది. ‘ఆరోగ్యవంత కార్మిక ప్రభావం’ అని దీనికి పేరు.

ఆస్బెస్టాస్ విషయంలో నిజం తేలింది ఓపికతో చేసిన లెక్కల వల్లే. 1955లో పరిశోధకుడు రిచర్డ్ డాల్, ఇంగ్లండ్‌లో ఒక ఆస్బెస్టాస్ ఫ్యాక్టరీలో కనీసం 20 ఏళ్లు పనిచేసిన 113 మంది వివరాలు ప్రచురించారు. మామూలుగా ఒక్కరు కూడా ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోవలసిన లెక్క కాదు. 11 మంది పోయారు. అమెరికాలో ఇర్వింగ్ సెలికాఫ్ బృందం ఇన్సులేషన్ కార్మికుల సంఘం పాత సభ్యత్వ జాబితాను పట్టుకుంది. 1942 చివర అందులో ఉన్న 632 మంది ఏమయ్యారో 1962 దాకా ఆరా తీసింది. సంఘం జాబితా కాబట్టి యజమాని పుస్తకాల్లోంచి జారిపోయినవాళ్లూ దొరికారు. అదే ఆ అధ్యయనం బలం.

పొగతాగే అలవాటు, గాలిలో ధూళి మోతాదు, పరిశోధనకు డబ్బిచ్చిన సంస్థ ప్రయోజనాలు కూడా ఆరా తీయవలసినవే. ఆస్బెస్టాస్ క్యాన్సర్ బయటపడటానికి తరచు 20 ఏళ్లకు పైగా పడుతుంది. అయిదేళ్ల రికార్డులు చూసి ‘ప్రమాదం లేదు’ అనే నివేదికను నమ్మకూడదు.