దీపాల బాట

సూర్యుడు సాయంకాలము నాలుగు గంటలు కాకమునుపే అస్తమించు దేశములు కొన్ని కలవు. ఇంగ్లండు అట్టివానిలో ఒకటి. డిసెంబరు మూడవ వారమున లండను నగరమునందు ప్రొద్దు పొడుచుట ఉదయము 8 గంటలు దాటిన పిదపనే. క్రుంకుట మధ్యాహ్నము 3 గంటల 53 నిమిషములకు. స్కాట్లండులో ఇంకను ముందుగనే చీకటి పడును. ఆ దినములలోనే విజయవాడయందు సాయంకాలము ఐదున్నర దాటినగాని సూర్యాస్తమయము కాదు. బాలబాలికలు బడినుండి ఇల్లు చేరునప్పటికే చీకట్లు క్రమ్ముకొను దేశమున, దీపములు పెట్టి పండుగ చేసికొనవలెనను కోరిక జనులకు కలుగుటలో వింత లేదు. కార్తికమాసపు దీపములు చూచిన మనకు ఆ కోరిక తెలియనిది కాదు.

ఇటీవలి సంవత్సరములలో ఇంగ్లండు, అమెరికా మున్నగు దేశములందు కొందరు రైతులు ఈ కోరికకు తమ పొలములనే వేదికగా చేయుచున్నారు. నవంబరు కడపటి వారము మొదలు జనవరి ఆరంభమువరకు వారు పొలపు కంచెల మీదను, చెట్లకొమ్మలకును వేలకొలది విద్యుద్దీపములు కట్టి, వాని నడుమ ఒక కాలిబాట తీర్చుదురు. టిక్కెట్టు కొన్నవారు ఆ బాటవెంట నడచిపోవుదురు. దీనిని అచ్చటివారు ‘లైట్ ట్రెయిల్’ అందురు. మనము దీపాల బాట అనుకొనవచ్చును.

ఇచ్చటికి ఒంటరిగా వచ్చువారు తక్కువ. కుటుంబమంతయు కలిసి వచ్చును. పిల్లలు మోకాళ్లవరకు వచ్చు రబ్బరు బూట్లు తొడుగుకొందురు. ఏలయనగా శీతకాలపు పొలము బురదకు పుట్టినిల్లు. నడువలేని తాతలు, అవ్వలు ట్రాక్టరు లాగు బండిలో గడ్డిమోపులపై కూర్చుండి తిరిగివచ్చు ఏర్పాటు కొన్నిచోట్ల నుండును. బాట మొదట దీపతోరణము. అది దాటిన పిదప ఇనుపతీగతో మలచిన లేళ్లు, మంచుబొమ్మలు, నిలువెల్ల దీపములు చుట్టిన పాత ట్రాక్టరు. బాట తుదను పొగలు గ్రక్కు వేడి చాక్లెట్టు పానీయము. చలికి కొంకర్లుపోయిన చేతులకు ఆ కప్పు పట్టుకొనుటయే ఒక సుఖము.

అన్నిటికంటె పిల్లలు ఎక్కువసేపు నిలుచునది తరచు పశువుల కొట్టము నొద్ద. అచ్చట గడ్డి పరచి, గాడిదను, గొఱ్ఱెలను కట్టి, పశువుల తొట్టిలో శిశువు బొమ్మను పరుండబెట్టి, క్రీస్తు జనన దృశ్యమును చూపుదురు. ఇట్లు నిజమైన పశువులతో ఆ దృశ్యమును చూపు ఆచారము మిక్కిలి ప్రాచీనము. 1223లో ఇటలీలోని గ్రెచ్చో అను గ్రామమున అస్సీసీ ఫ్రాన్సిసు అను సాధువు ఎద్దును, గాడిదను తెప్పించి గ్రామస్థుల కన్నులయెదుట ఆ రాత్రిని నిలిపెను. పట్టణములో ఎంత వ్యయపడి చేసినను ఈ దృశ్యమునకు పొలములోని సహజత్వము రాదు.

ఇక దీపముల కథ. పూర్వము క్రిస్మసు చెట్టుపై వెలిగించినవి మైనపువత్తులు. ఈ ఆచారము జర్మనీదేశమునుండి వచ్చినది. 1848లో విక్టోరియా రాణి తన కుటుంబముతో అట్టి చెట్టుచుట్టు నిలిచియున్న చిత్రమొకటి లండను పత్రికలో అచ్చుపడగా, ఇంగ్లండు అంతటను ఆ వేడుక వ్యాపించెను. కాని కోసి తెచ్చిన చెట్టు దినదినమును ఎండిపోవును. దాని ఆకులలో జిగురు కలదు. అట్టి చెట్టుకొమ్మపై మండుచున్న వత్తిని నిలుపుట ఎంతటి ప్రమాదమో చెప్పనక్కరలేదు. జాగ్రత్తగల యిండ్లలో ప్రక్కనే నీళ్ల బక్కెట్టు నుంచుకొని, కొద్ది నిమిషములు మాత్రమే వత్తులు వెలిగించి ఆర్పివేసెడివారు. అయినను అగ్నిప్రమాదములు తప్పలేదు.

ఎడిసను సహచరుడగు ఎడ్వర్డు జాన్సను 1882 డిసెంబరులో న్యూయార్కునందలి తన యింట చెట్టునకు ఎఱుపు, తెలుపు, నీలి రంగుల విద్యుద్దీపములు 80 కట్టెను. ఆ చెట్టు తనచుట్టు తాను తిరుగునట్లును అమర్చెను. అయితే విద్యుత్తు ఆనాడు ధనికుల సొత్తు. సామాన్యుల యిండ్లకు ఈ దీపములు చేరుటకు దశాబ్దములు పట్టెను. 1923 డిసెంబరు 24న అమెరికా అధ్యక్షుడు కూలిడ్జి వాషింగ్టనులో 48 అడుగుల చెట్టుపై 2,500 దీపములను వెలిగించెను. క్రిస్మసు దీపములు ఇంటి నాలుగు గోడలు దాటి బహిరంగస్థలమునకు వచ్చుటకు ఇట్టి సంఘటనలు తోడ్పడినవి.

మన యూళ్లలో పెండ్లిపందిళ్లకు కట్టు దీపమాలను జనులు ‘సీరియల్ సెట్టు’ అందురు. ఆ పేరు ఊరక వచ్చినది కాదు. ఆ మాలలోని బల్బులు ఒకదానివెంట నొకటి ఒకే దారిలో కూర్పబడి యుండును. ఒకదానినుండి వెడలిన విద్యుత్తే మఱియొకదానిలో ప్రవేశించును. అమెరికాలో ఇండ్లకు వచ్చు విద్యుత్తు 120 వోల్టులు. పూర్వపు మాలలో 15 వోల్టుల బల్బులు ఎనిమిది కూర్చిన లెక్క సరిపోయెడిది. కాని ఒక్క బల్బు మాడినచో దారి తెగి, మాల యంతయు ఆరిపోవును. పండుగనాటి సాయంకాలమున తండ్రి ఒక్కొక్క బల్బును మార్చి చూచుచు కూర్చుండుట ఆ కాలపు ఇండ్లలో సాధారణ దృశ్యము. తరువాత వచ్చిన చిన్న బల్బులలో తంతువు తెగినను విద్యుత్తు వేఱొక సన్నని తీగ ద్వారా సాగిపోవు నుపాయమును కనుగొనిరి. మాల వెలుగుచునే యుండును గాని, మిగిలిన బల్బులపై ఒత్తిడి కొంత హెచ్చి, అవియు త్వరగా మాడును.

పొలములో దీపాల బాటను నిజముగా సాధ్యము చేసినవి ఎల్.ఇ.డి. దీపములు. 1962లో నిక్ హోలోన్యాక్ ఎఱ్ఱని వెలుగు నిచ్చు ఎల్.ఇ.డి.ని నిర్మించెను. నీలి వెలుగును రాబట్టుట చాలకాలము అసాధ్యముగా తోచెను. నీలి వెలుగు లేనిదే తెల్లని వెలుగు లేదు. దానిని సాధించిన అకసాకి, అమానో, నకమురా అను ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2014లో నోబెలు బహుమతి లభించెను. లెక్క వేసిన భేదము తెలియును. పూర్వపు బల్బు 5 వాట్లదైనచో అట్టివి 10,000 వెలిగించుటకు 50 కిలోవాట్లు కావలెను. అర వాటు ఎల్.ఇ.డి.లు అయినచో 5 కిలోవాట్లు చాలును. మొదటిది చిన్న పొలమునకు మోయరాని బరువు, రెండవది అందుబాటులోనిది.

తడినేలపై విద్యుత్తును పఱచుట ఆటకాదు. కావున చాలచోట్ల ట్రాన్సుఫార్మరు ద్వారా వోల్టులను బాగుగా తగ్గించి దీపములకు పంపుదురు. తీగనుండి విద్యుత్తు నేలలోనికి కారిన మఱుక్షణమున ప్రవాహమును తెంపివేయు మీటను కూడ అమర్చుదురు.

రైతు ఇంతశ్రమ పడుట వేడుకకొఱకు మాత్రమే కాదు. శీతకాలమున పొలములో పని తక్కువ, రాబడియు తక్కువ. ఖర్చులు మాత్రము ఆగవు. క్రిస్మసు చెట్లు పెంచు రైతు ఆరడుగుల చెట్టుకొఱకు ఏడెనిమిది సంవత్సరములు వేచియుండవలెను. దీపాల బాట ఆఱు వారములలో చేతికి సొమ్ము తెచ్చును. అట్లని అది నిశ్చయమైన రాబడియు కాదు. శనివారమున పెనుగాలి వీచినచో బాటను మూసి, టిక్కెట్ల సొమ్ము తిరిగి ఈయవలసి వచ్చును. పండుగకు ముందు వచ్చు శనివారములు నాలుగో అయిదో. వానిలో రెండు తుపానుపాలైనచో ఆ యేడు తీగలకు పెట్టిన పెట్టుబడియే రాదు.

దీపములు ఎన్ని యెక్కువైన అంత అందమనుకొనుట పొరపాటు. అడుగడుగునను మిరుమిట్లు గొలుపు వెలుగును, చెవులు పగులు సంగీతమును నింపిన బాటలో పొలము కనబడదు, రాత్రియు కనబడదు. పైగా గుడ్లగూబ మొదలగు రాత్రి సంచరించు ప్రాణులకు అది బాధ. తెలిసిన రైతు కొన్ని కంచెలను చీకటిలోనే విడిచిపెట్టును. రాత్రి తొమ్మిది ప్రాంతమున అన్నిటిని ఆర్పివేయును. బాట నడుమ కొంతదూరము దీపములు లేకుండ విడుచువారును కలరు. పట్టణపు పిల్లలు అచ్చట ఆగి, తల యెత్తి నక్షత్రములను చూతురు.

జనవరి 5, 6 తేదీలతో పండుగ ముగియును. తీగలు చుట్టి అటక మీదికి చేర్చుదురు. క్రీస్తు జనన దృశ్యమును నిలిపిన కొట్టమును కడిగి, క్రొత్త గడ్డి పఱచి, ఈనబోవు గొఱ్ఱెలకొఱకు సిద్ధము చేయుదురు.