గుర్రం ఎక్కడం రాని కౌబాయ్ హీరో!

కౌబాయ్ అనగానే మనకి ‘మోసగాళ్లకు మోసగాడు’లో సూపర్‌స్టార్ కృష్ణ గుర్తొస్తారు. ఆ సినిమా 1971లో వచ్చింది. అదే ఏడాది జనవరిలో అమెరికాలో తొంభై ఏళ్ల పెద్దాయన ఒకరు కన్నుమూశాడు. వెండితెరకి తొలి కౌబాయ్ స్టార్ ఆయనే. బ్రాంకో బిల్లీ ఆండర్సన్!

అసలు పేరు మాక్స్ ఆరన్సన్. 1880లో అర్కన్సాస్‌లోని లిటిల్ రాక్‌లో పుట్టాడు. నాటకాల పిచ్చితో న్యూయార్క్ చేరాడు. 1903లో ఎడిసన్ కంపెనీ ‘ది గ్రేట్ ట్రైన్ రాబరీ’ తీస్తుంటే వేషం కోసం వెళ్లాడు. గుర్రపు స్వారీ వచ్చా అంటే, ఓ... బ్రహ్మాండంగా అన్నాడట. తీరా ఎక్కాక గుర్రం కింద పడేసింది. అయినా మనోడు వదల్లేదు. గుర్రంతో పనిలేని చిన్న వేషాలు రెండు మూడు వేసి, సినిమాలో ఉన్నాననిపించుకున్నాడు.

నాలుగేళ్లు తిరిగేసరికి సొంత కంపెనీ! జార్జ్ స్పూర్‌తో కలిసి 1907లో షికాగోలో మొదలెట్టాడు. స్పూర్‌లో ‘ఎస్’, ఆండర్సన్‌లో ‘ఏ’ కలిపి ‘ఎస్సనే’ అని పేరు పెట్టారు.

అప్పట్లో తెర మీద నటుల పేర్లు కూడా వేసేవారు కాదు. అలాంటి రోజుల్లో ఒకే పాత్రని మళ్లీ మళ్లీ తెచ్చి జనానికి అలవాటు చేయడమే ఇతను చేసిన పని. బ్రాంకో బిల్లీ ఎక్కువగా దొంగే, కానీ మనసు వెన్న. పసిపాప కోసమో, ప్రాణాపాయంలో ఉన్నవాడి కోసమో తన స్వేచ్ఛని వదులుకునే రకం. (మన మాస్ హీరోలు గుర్తొస్తున్నారా?) కాలిఫోర్నియాలోని నైల్స్ అనే చిన్న ఊళ్లో స్టూడియో కట్టి, రాయడం, తీయడం, నటించడం అన్నీ తనే చూసుకుంటూ వందకు పైగా చిన్న సినిమాలు తీశాడు. 1915లో చాప్లిన్ ‘ది ట్రాంప్’ తీసింది కూడా అక్కడే.

1916లో చాప్లిన్ వెళ్లిపోయాడు, నైల్స్ స్టూడియో మూతపడింది. ఆండర్సన్ తన వాటా అమ్మేసుకున్నాడు. ఈలోగా విలియం హార్ట్, టామ్ మిక్స్ వచ్చేశారు. టామ్ మిక్స్ అయితే గుర్రం మీద నిజంగానే ఆరితేరినవాడు. జనం బిల్లీని మర్చిపోయారు. 1958లో గౌరవ ఆస్కార్ ఇచ్చేనాటికి అతనికి డెబ్బై ఎనిమిదేళ్లు.

‘ట్రైన్ రాబరీ’ ఇప్పటికీ యూట్యూబ్‌లో ఉంది, పన్నెండు నిమిషాలే. రైలు దిగి చేతులెత్తి నిలబడ్డ ప్రయాణికుల్లోంచి ఒకడు పారిపోబోయి తూటా తగిలి కూలిపోతాడు. చూడండి, అతనే!