మహిళలకు వ్యాయామం నేర్పే సోదరి: ఆ సర్టిఫికెట్‌కు మనం ఎందుకు సాయపడాలి?

ఈ ఏడాది సొసైటీకి వచ్చిన ఆర్థిక సహాయ దరఖాస్తుల్లో ఒకటి కమిటీని ఆలోచనలో పడేసింది. ఇంటర్ చదివిన ఒక సోదరి మహిళల ఫిట్‌నెస్‌లో ప్రత్యేక సర్టిఫికెట్ చేయడానికి ఫీజు ఇప్పించమని కోరింది. కుట్టుమిషన్, నర్సింగ్, బి.ఎడ్. ఫీజు అంటే మనకు తెలుసు. ఇది చదువా, సరదానా అని కొందరు పెద్దలు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. దాతల సొమ్ము అమానత్ కాబట్టి జవాబు వివరంగా చెప్పడం అవసరం.

ముందు అవసరం సంగతి చూద్దాం. షుగర్, బీపీ, థైరాయిడ్, మోకాళ్ల నొప్పులు ఉన్న మన తల్లులకు, అక్కాచెల్లెళ్లకు డాక్టర్లు వ్యాయామం చేయమని చెబుతూనే ఉన్నారు. పెద్దవారు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ, రెండు రోజులు కండరాల బలానికి వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. కానీ వీధి చివర జిమ్‌లో నేర్పేది మగవారు. పర్దా పాటించే సోదరి ఆ మెట్లు ఎక్కదు. ఇంట్లో ఫోన్ చూసి మొదలుపెడుతుంది, నడుము పట్టేయగానే మానేస్తుంది.

శరీరానికీ మనపై హక్కు ఉందని దైవప్రవక్త (స) బోధించారు. హజ్రత్ ఆయిషా (రజి) ఆయనతో పరుగుపందెంలో పాల్గొన్న విషయం అబూ దావూద్ హదీసు గ్రంథంలో ఉంది. కాబట్టి స్త్రీకి వ్యాయామం తగదన్న మాటకు ధర్మంలో ఆధారం లేదు. తగిన చోటు, నేర్పే స్త్రీ లేకపోవడమే అసలు లోటు.

అయితే వ్యాయామం నేర్పడానికి ప్రత్యేక చదువు దేనికి? స్త్రీ శరీరం వయసుతో పాటు మారే తీరు వేరు కాబట్టి. గర్భిణికి మొదటి మూడు నెలల తర్వాత వెల్లకిలా పడుకోబెట్టి ఎక్కువసేపు వ్యాయామం చేయించకూడదు. రక్తస్రావం, కళ్లు తిరగడం, ఛాతీ నొప్పి కనిపిస్తే వెంటనే ఆపి డాక్టరు దగ్గరికి పంపాలి. కాన్పు తర్వాత కటి కండరాలు బలహీనపడతాయి, పొట్ట కండరాలు మధ్యలో ఎడమవుతాయి. సిజేరియన్ అయినవారికి డాక్టరు అనుమతి లేకుండా ఏమీ మొదలుపెట్టకూడదు. నెలసరి ఆగిపోయిన తర్వాత ఎముకలు త్వరగా పలచబడతాయి కాబట్టి నడక ఒక్కటే చాలదు, బరువులతో చేసే వ్యాయామం కూడా కావాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది. అలాంటి సోదరి ఆయాసపడితే అది బద్ధకం కాదని శిక్షకురాలు గుర్తించాలి. రమజాన్‌లో ఉపవాసం ఉన్నవారికి శ్రమ తగ్గించి, ఇఫ్తార్ తర్వాతి వేళకు మార్చాలి.

ఇక చదువు ఎలా సాగుతుంది? ఇక్కడే డబ్బు వృథా అయ్యే ప్రమాదం ఉంది. మహిళల ఫిట్‌నెస్ సర్టిఫికెట్ పై అంతస్తు లాంటిది. కింద పర్సనల్ ట్రైనర్ అనే పునాది ఉండాలి. పునాది లేకుండా పై సర్టిఫికెట్‌కు ఫీజు కడితే కాగితం వస్తుంది, పని రాదు. అమెరికాకు చెందిన నేషనల్ అకాడమీ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్, అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎక్సర్‌సైజ్ సంస్థల ట్రైనర్ సర్టిఫికెట్లకు పేరుంది. మొదటిదానిలో 120 ప్రశ్నలకు రెండు గంటలు, రెండోదానిలో 150 ప్రశ్నలకు మూడు గంటలు. 18 ఏళ్లు నిండాలి. గుండె ఆగినప్పుడు చేసే ప్రథమ చికిత్స, అంటే సీపీఆర్ నేర్చుకుని ఉండాలి. ఈ పునాది ఉన్నవారు మొదటి సంస్థలోనే మహిళల ఫిట్‌నెస్ ప్రత్యేక కోర్సు ఆన్‌లైన్‌లో చదివి పరీక్ష రాయవచ్చు. మన దేశంలో ఫిట్‌నెస్ రంగానికి ఉన్న స్కిల్ కౌన్సిల్ ద్వారా కూడా ట్రైనర్ అర్హత పొందే దారి ఉంది.

సర్టిఫికెట్ వచ్చాక కూడా చదువు ఆగదు. ఆ రెండు సంస్థల ట్రైనర్ సర్టిఫికెట్‌ను రెండేళ్లకోసారి రెన్యూ చేసుకోవాలి. అందుకు సుమారు 20 గంటల కొత్త చదువు చూపాలి. మహిళల ఫిట్‌నెస్ వంటి కోర్సు ఆ లెక్కలోకి వస్తుంది. ఇంకో మాట, ఈ పాఠాలు, ప్రశ్నలు ఇంగ్లిషులో ఉంటాయి. తెలుగు, ఉర్దూ మాధ్యమాల్లో చదివిన అమ్మాయికి కండరాల పేర్ల కంటే ముందు ఇంగ్లిషే అడ్డుపడుతుంది. ఫీజు ఒక్కటి కట్టి ఊరుకుంటే ఆమె మధ్యలో ఆగిపోవచ్చు.

శిక్షకురాలు డాక్టరు కాదన్నది కూడా ఈ చదువులో ముఖ్య పాఠమే. జబ్బు పేరు చెప్పడం, మందు మార్చమనడం ఆమె పని కాదు. కొత్తగా వచ్చిన ప్రతి సోదరిని గుండె జబ్బు, ఛాతీ నొప్పి, వాడుతున్న మందుల గురించి ముందే అడిగి రాసుకోవాలి. అనుమానం ఉంటే డాక్టరు చీటీ తెమ్మనాలి. ఆమె చెప్పిన సంగతులు బయటికి పొక్కనివ్వకూడదు. మన బస్తీలో ఈ చివరి నియమమే అన్నిటికన్నా పెద్దది.

కాబట్టి కమిటీకి, దాతలకు మనవి ఏమిటంటే, ఆ సోదరి దరఖాస్తును తిరస్కరించవద్దు, అలాగని అడిగినట్టే మంజూరు చేయవద్దు. సాయాన్ని మెట్లుమెట్లుగా ఇద్దాం. మొదట ఇంగ్లిషు, సీపీఆర్ శిక్షణ. తర్వాత ట్రైనర్ పరీక్ష ఫీజు. అది పాసై కొన్నాళ్లు అనుభవమున్న శిక్షకురాలి దగ్గర పనిచేశాక మహిళల ఫిట్‌నెస్ ప్రత్యేక కోర్సు. చివరగా తలుపులు మూసుకోగల ఒక గది, కొన్ని మ్యాట్లు, చిన్న బరువులు.

జకాత్ విషయంలో జాగ్రత్త అవసరం. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం జకాత్ సొమ్ము అర్హురాలి సొంతం కావాలి. గది అద్దెకు, సామానుకు సదఖా, లిల్లాహ్ నిధులు వాడటం మేలు. ఏది ఎందులోంచి ఇవ్వాలో ఉలమాను అడిగి నిర్ణయిద్దాం.

ఆ సోదరి తన కాళ్లపై నిలబడితే ఒక ఇల్లు గడుస్తుంది. ఆమె దగ్గరికి వచ్చే తల్లులు నొప్పి లేకుండా సజ్దా చేయగలిగితే, ఆ పుణ్యంలో ఇచ్చినవారికీ వాటా ఉంటుంది, ఇన్షా అల్లాహ్. మన దానాలను అల్లాహ్ స్వీకరించుగాక. ఆమీన్.