ఉపవాసం మంచిదే, విడిచే పద్ధతి తెలిస్తే!

కార్తీకమాసం వచ్చిందంటే మనలో చాలామందికి సోమవారాలు ఉపవాసమే. తెల్లారకముందే చన్నీళ్ళ స్నానం, దీపం, పగలంతా ఏమీ తినకుండా ఉండి, చుక్కల్ని చూశాక భోజనం. పెళ్ళయినప్పటి నుంచీ నేనూ ఉంటున్నాను. అయితే మంగళవారం పొద్దున లేచేసరికి కడుపుబ్బరం, పుల్లటి త్రేన్పులు! ఉపవాసం నాకు పడట్లేదేమో అనుకునేదాన్ని. పడనిది ఉపవాసం కాదు, నేను దాన్ని విడిచే పద్ధతి అని తర్వాత తెలిసింది.

పొట్టలో కాపురమున్నవాళ్ళు

బాక్టీరియా అనగానే మనకు జబ్బులే గుర్తొస్తాయి. కానీ మన ఒంట్లో సుమారు 38 లక్షల కోట్ల బాక్టీరియా ఉంటాయని 2016లో శాస్త్రజ్ఞులు లెక్కకట్టారు. ఎక్కువభాగం ఉండేది పెద్దపేగులోనే. మనకు అరగని పీచుపదార్థాన్ని ఇవి పులియబెట్టి, పేగు గోడలకు బలమిచ్చే ఆమ్లాలు తయారుచేస్తాయి. రాత్రి రుబ్బిన దోసెలపిండి తెల్లారేసరికి పొంగినట్టే అనుకోండి!

మనం తినడం ఆపితే?

పొట్ట ఖాళీగా ఉన్నప్పుడు, గంటన్నర రెండు గంటలకొకసారి పేగుల్లో ఒక కదలిక పుట్టి, మిగిలిపోయినదాన్ని కిందికి నెట్టేస్తుంది. ఏదో ఒకటి నములుతూ ఉంటే ఇది జరగదు. పిల్లలు తింటూ తిరుగుతుంటే వంటిల్లు ఊడవగలమా చెప్పండి?

ఇక రెండోది. పేగు లోపలి జిగురు పొరను తిని బతికే అక్కర్‌మాన్సియా అనే బాక్టీరియా ఉంది. మన తిండి రాకపోయినా దానికి లోటుండదు. టర్కీలో రంజాన్ ఉపవాసాలున్న తొమ్మిదిమందిని పరీక్షిస్తే, నెల చివరికి ఇది పెరిగిందని 2019లో ప్రకటించారు. తొమ్మిదిమందంటే చిన్న లెక్కే అనుకోండి. 2021లో జర్మనీవాళ్ళు బి.పి., అధిక బరువు ఉన్న 71 మందిపై చేసిన పరిశోధన వివరాలు వచ్చాయి. కొందరు అయిదురోజులు ఉపవాసముండి, తర్వాత మూడునెలలు కూరగాయలు, పప్పులు ఉన్న మంచి ఆహారం తీసుకున్నారు. మిగతావాళ్ళు ఆ ఆహారం మాత్రమే తీసుకున్నారు. ఉపవాసంతో మొదలుపెట్టినవాళ్ళకే బి.పి., బరువు బాగా తగ్గాయి, పేగుల్లోని బాక్టీరియా కూడా మారాయి.

కిటుకంతా ఇక్కడే ఉంది. ఉపవాసం తర్వాత పాత తిండికే వెళ్ళిపోతే ఈ బాక్టీరియా కూడా మెల్లగా పాతదారే పడతాయి.

విడిచేటప్పుడు

నేను చేసిన తప్పేమిటంటే, చుక్కలు కనబడగానే సగ్గుబియ్యం వడలు, పులిహోర, పూర్ణాలు అన్నీ ఒకేసారి లాగించేయడం. సగ్గుబియ్యంలో పీచు దాదాపు ఉండదు. ఇంక లోపలివాళ్ళకి ఏం పెట్టినట్టు?

ఇప్పుడు ముందు మంచినీళ్ళు, ఉప్పేసిన పల్చటి మజ్జిగ. తర్వాత అరటిపండో, ఉడికించిన చిలగడదుంపో. అరగంట ఆగి, పెసరపప్పు వేసిన ఉప్పుడుపిండి, పక్కన సొరకాయ కూరో, తోటకూర పప్పో. ఉల్లి, వెల్లుల్లి లేకుండానే చక్కగా కుదురుతాయి. మా పక్కింటి ఆపా కూడా రోజా విడిచేది ఖర్జూరం, మంచినీళ్ళతోనే. పిండివంట ఒక్కటి చాలు, మిగతావి మర్నాటికి ఉంచుకోండి.

ఇది మాత్రం మరవకండి

రెండేళ్ళ క్రితం మా అత్తయ్యగారు పొద్దున షుగరు మాత్ర వేసుకుని, ఎవరికీ చెప్పకుండా ఉపవాసం ఉన్నారు. సాయంత్రం దీపాలు పెడుతూ చెమటలు, వణుకు, అలాగే కూలబడిపోయారు. మెలకువగానే ఉన్నారు కాబట్టి పంచదార నీళ్ళు తాగించాం, తేరుకున్నారు. ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ నాకు గుండె దడే! కొన్ని షుగరు మాత్రలు తిండి లేకపోయినా పని చేస్తూనే ఉంటాయట. అందుకని షుగరు ఉన్నవాళ్ళు, గర్భిణులు, బాలింతలు, కడుపులో పుండున్నవాళ్ళు డాక్టరును అడగకుండా ఉపవాసం ఉండొద్దు. మాత్రలు సొంతంగా మానెయ్యడమూ ప్రమాదమే. చెమట, వణుకు కనిపిస్తే వెంటనే పంచదారో, బెల్లమో నోట్లో వేసుకోండి. స్పృహ తప్పినవాళ్ళకు మాత్రం నోట్లో ఏమీ పోయకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళండి.

ఇప్పుడు మా అత్తయ్యగారు వేళకు తిని దీపం పెడుతున్నారు. ఎవరైనా అడిగితే, "శివుడికి దీపం చాలదుటే? నేను సొమ్మసిల్లాలా?" అంటారు.