ఉక్కు నగరపు కబుర్లకు తేలికైన బ్లాగు: స్టాటిక్ సైట్ జనరేటర్ ఎలా పనిచేస్తుంది?

జంషెడ్‌పూర్ ఉక్కు సంస్థ 1907లో ఏర్పడింది. 1912లో తొలి ఉక్కు తయారైంది. 1919లో సాక్చి అనే ఊరు జంషెడ్‌పూర్‌గా మారింది. ఆ కర్మాగారంలో పని కోసం శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి వెళ్లిన తెలుగు కుటుంబాలు తరాలుగా అక్కడే ఉంటున్నాయి. కదమా, బిష్టుపూర్ వీధుల్లో ఇప్పటికీ తెలుగు వినిపిస్తుంది. అయితే కొత్త తరం పిల్లల్లో చాలామంది చదువు హిందీలోనో ఇంగ్లీషులోనో సాగుతోంది. తెలుగు ఇంట్లో మాటగా మిగులుతోంది.

అలాంటి ఒక ఇంట్లో తాతగారు చెప్పే కొలిమి కబుర్లను మనవరాలు తెలుగులో రాసి పెట్టాలనుకుందని అనుకుందాం. ఎక్కడ రాయాలి? సామాజిక మాధ్యమంలో రాస్తే వారం తిరిగేసరికి కొత్త పోస్టుల కింద పడిపోతుంది. పైగా ఆ వేదికే మూతపడవచ్చు. లక్షలాది సొంత పేజీలున్న జియోసిటీస్ అమెరికాలో 2009లో మూతపడింది. సాధారణ వాడుకరుల గూగుల్ ప్లస్ 2019లో ఆగిపోయింది. రాత మన దగ్గరే ఉండాలి, ప్రపంచం చదవగలగాలి. ఈ రెండూ కావాలనుకునేవారికి స్టాటిక్ సైట్ జనరేటర్ సరిపోతుంది.

దోసె, ఇడ్లీ

వెబ్‌సైట్లు పనిచేసే తీరు స్థూలంగా రెండు రకాలు. మొదటిది హోటల్లో దోసె లాంటిది. మీరు అడిగాకే పెనం మీద వేస్తారు. వర్డ్‌ప్రెస్ వంటి వ్యవస్థల్లో పాఠకుడు లింకు నొక్కగానే సర్వర్‌లో ప్రోగ్రాం మేలుకుంటుంది, డేటాబేస్ నుంచి వ్యాసాన్ని తెస్తుంది, పేజీని అప్పటికప్పుడు కూర్చి పంపుతుంది. మొదటిసారి కూర్చిన పేజీని దాచి మళ్లీ వాడుకునే ఏర్పాట్లు ఉన్నా, డేటాబేస్ నిర్వహణ, అప్‌డేట్లు తప్పవు.

రెండోది ఇడ్లీ. పొద్దున్నే ఒక వాయి దించి పెడతారు, అడిగినవారికి వడ్డించడమే మిగులుతుంది. స్టాటిక్ సైట్‌లో పేజీలన్నీ ముందే తయారై ఉంటాయి. మీరు రాసిన వ్యాసం పిండి అయితే, పేజీ ఆకారాన్ని నిర్ణయించే టెంప్లేటు ఇడ్లీ రేకు. ఈ రెంటినీ కలిపి పేజీలను తయారుచేసే ప్రోగ్రామే స్టాటిక్ సైట్ జనరేటర్. ఆ పని మీ కంప్యూటర్లోనే జరుగుతుంది. సర్వర్ చేయాల్సింది అడిగిన ఫైలు ఇవ్వడమే.

ఇది పాత పద్ధతే. 1991లో సెర్న్ పరిశోధన సంస్థ నుంచి లోకానికి తెరుచుకున్న తొలి వెబ్‌సైటు కూడా ఇలాంటి ఫైళ్ల సముదాయమే. 2008లో వచ్చిన జెకిల్, 2013లో వచ్చిన హ్యూగో ఆ పద్ధతికి కొత్త సౌకర్యాన్ని జోడించాయి.

రాత మామూలు ఫైల్లోనే

ఈ జనరేటర్లలో వ్యాసాన్ని సాధారణంగా మార్క్‌డౌన్ పద్ధతిలో రాస్తారు. 2004లో వెలువడిన ఈ పద్ధతి చాలా సులువు. వరుస మొదట # పెడితే శీర్షిక, మాటకు రెండువైపులా ** పెడితే ముద్దక్షరాలు. ఏ ప్రత్యేక సాఫ్ట్‌వేర్ లేకపోయినా ఆ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదువుకోవచ్చు. పాత సొంత ఫాంట్లలో టైపు చేసిన తెలుగు, ఆ ఫాంటు లేని కంప్యూటర్లో గజిబిజిగా కనబడటం చాలామందికి అనుభవమే. యూనికోడ్‌లో రాసిన మామూలు ఫైలుకు ఆ బెడద లేదు.

హ్యూగోతో మొదలు

హ్యూగోను కంప్యూటర్లో ఇన్‌స్టాల్ చేశాక టెర్మినల్‌లో ‘హ్యూగో న్యూ సైట్’ అనే ఆదేశాన్ని, దాని పక్కన సైటు పేరును ఇంగ్లీషు అక్షరాల్లో టైప్ చేయాలి. కొన్ని ఫోల్డర్లు ఏర్పడతాయి. వాటిలో ముఖ్యమైనవి రెండు: రాతలు ఉండే ‘కంటెంట్’, టెంప్లేట్లు ఉండే ‘లేఅవుట్స్’. సిద్ధంగా దొరికే థీమ్ వాడుకోవచ్చు. లేదా ముఖపుటకు ఒకటి, వ్యాసానికి ఒకటి చొప్పున చిన్న టెంప్లేట్లు రాసుకోవచ్చు. ‘హ్యూగో సర్వర్’ అంటే సైటు మీ కంప్యూటర్లోనే కనిపిస్తుంది. ఉత్త ‘హ్యూగో’ అంటే పూర్తయిన పేజీలు ‘పబ్లిక్’ ఫోల్డర్‌లో చేరతాయి.

కొత్తవారు తికమకపడే చోట్లు రెండున్నాయి. హ్యూగో ఆదేశంతో సృష్టించిన కొత్త వ్యాసం మామూలుగా చిత్తుప్రతిగా నమోదవుతుంది. ఆ గుర్తు తీసేవరకు ప్రచురణ కాదు. రెండోది కాలమానం. వ్యాసం తేదీతో పాటు సమయం రాసి, ఏ దేశ కాలమానమో చెప్పకపోతే హ్యూగో దాన్ని అంతర్జాతీయ ప్రామాణిక సమయంగా తీసుకుంటుంది. మన గడియారం దానికంటే 5 గంటల 30 నిమిషాలు ముందుంటుంది. కాబట్టి మీరు ‘ఇప్పుడు’ అని రాసింది దాని లెక్కలో ఇంకా రాని సమయం. భవిష్యత్తు తేదీ ఉన్న వ్యాసాన్ని అది పక్కన పెడుతుంది. సెట్టింగుల ఫైల్లో కాలమానాన్ని ‘ఆసియా, కోల్‌కతా’గా పేర్కొంటే చిక్కు తీరుతుంది.

తెలుగుకు కావలసిన జాగ్రత్తలు

‘జంషెడ్‌పూర్’ అనే మాటనే చూడండి. ‘డ్’ తర్వాత కంటికి కనిపించని ఒక యూనికోడ్ గుర్తు ఉంది. అది లేకపోతే ‘ప’ ఒత్తుగా మారి ‘డ్’ కింద చేరుతుంది. దాంతో కలిపి ఈ పేరులో 11 గుర్తులున్నాయి. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కోదానికి 3 బైట్ల చొప్పున మొత్తం 33 బైట్లు. లింకుల్లో ఒక్కో బైటును శాతం గుర్తుతో మొదలయ్యే 3 అక్షరాలుగా రాస్తారు. అంటే ఈ పేరును ఉన్నదున్నట్టు లింకులో పెట్టి ఎవరికైనా పంపితే 99 అక్షరాల తోరణం కావచ్చు. ఇంగ్లీషు లిపిలో అయితే 10 అక్షరాలే. అందుకే శీర్షిక తెలుగులో ఉంచి, ఫైలు పేరును ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టడం మేలు.

పేజీ భాష తెలుగు అని టెంప్లేటులో తప్పక చెప్పాలి. చూపులేనివారికి పేజీని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ సరైన గొంతును ఎంచుకోవడానికి ఆ గుర్తే ఆధారం. ఇప్పటి ఫోన్లలో తెలుగు ఫాంటు ఉండనే ఉంటుంది. వేరే ఫాంటును పాఠకుడి మీద మోపక్కర్లేదు. ఒత్తులు, గుడులు ఒకదానికొకటి తగలకుండా వరుసల మధ్య ఎడం కాస్త పెంచితే చాలు. ఎనిమిది వందల మాటల తెలుగు వ్యాసం సుమారు 20 కిలోబైట్లు. ఫోన్‌తో తీసిన ఒక్క ఫొటో అంతకు వంద రెట్లకు పైగా ఉండవచ్చు. ఫొటోలను కుదించి పెడితే బలహీనమైన సిగ్నల్‌లోనూ పేజీ త్వరగా తెరుచుకుంటుంది.

లోకానికి అందించడం

‘పబ్లిక్’ ఫోల్డర్‌లోని ఫైళ్లను ఏ వెబ్ సర్వర్‌లో పెట్టినా సైటు నడుస్తుంది. గిట్‌హబ్ పేజెస్ ఉచితంగా చోటిస్తుంది. ప్రచురించే సైటు 1 గిగాబైటు దాటకూడదు. రాతలకు అది ఎంతో ఎక్కువ.

ఈ పద్ధతికి పరిమితులూ ఉన్నాయి. పాఠకుల వ్యాఖ్యలు, లాగిన్ వంటివి కావాలంటే వేరే సేవను జతచేయాలి. చిన్న తప్పు దిద్దినా పేజీలను మళ్లీ తయారుచేసి పంపాలి. సర్వర్‌లో మన ప్రోగ్రాం, డేటాబేస్ ఉండవు కాబట్టి చొరబాటుదారులకు సందులు తక్కువే. కానీ ఖాతా పాస్‌వర్డ్ పోతే సైటు పరాయి చేతుల్లోకి వెళ్లవచ్చు. రెండంచెల రక్షణ పెట్టుకోవాలి. సొంత డొమైన్ కొంటే గడువు తీరకముందే రుసుము కట్టాలి.

సైటు పూర్తయ్యాక ఒక పరీక్ష చేయండి. ‘కంటెంట్’ ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, హ్యూగో లేని, ఇంటర్నెట్ లేని కంప్యూటర్లో ఒక ఫైలు తెరవండి. తాతగారి మాటలు అక్షరం పోకుండా చదవగలిగితే, రేపు ఏ సంస్థ తలుపులు మూసినా ఆ కబుర్లను ఇంకోచోట మళ్లీ పెట్టుకోవచ్చు.