శత్రుగృహ ప్రణయము – కిశోర నవల

నేరమే వృత్తిగా గల కుటుంబమున జన్మించిన కన్య, ఆ కుటుంబమునకు వైరియైన యువకుని వరించుట నేటి కిశోర నవలలలో తఱచుగా కానవచ్చు ఇతివృత్తము. 1967లో వెలువడిన హింటన్ రచన ‘ది ఔట్‌సైడర్స్’తో ఆధునిక కిశోర నవల ఆరంభమైనదని పలువురు విమర్శకులు తలంతురు. శాఖ క్రొత్తదే కాని, ఇతివృత్తము మనకు క్రొత్తది కాదు. దీనిని మనము శత్రుగృహ ప్రణయమని వ్యవహరింపవచ్చును.

దీనికి అంగములు మూడు: చొరరాని గృహము, ప్రవేశమునకొక మిష, కన్య ఎదుర్కొను ధర్మసంకటము. 16వ శతాబ్దివాడగు పింగళి సూరన రచించిన ప్రభావతీ ప్రద్యుమ్నమున ఈ మూడును స్పష్టముగా ఉన్నవి. వజ్రనాభుడు స్వర్గాధిపత్యమును కోరిన దైత్యుడు. బ్రహ్మవరముచే అతని పురమును అనుమతి లేక ఎవ్వరును చొరలేరు. శుచిముఖి యను హంస రాయబారము నడపగా, ప్రద్యుమ్నుడు నటవేషమున పురము ప్రవేశించి ప్రభావతిని రహస్యముగా చేపట్టెను. తుదకు వజ్రనాభుడు హతుడయ్యెను. మూలమగు హరివంశ కథలో భర్త చేతికి ఖడ్గమందించినది ప్రభావతియే. ఉషానిరుద్ధ కథ ముగింపు వేఱు. అందు బాణాసురుని బాహువులు తెగినవి. శివుని ప్రార్థనచే ప్రాణము దక్కినది. ఒకచోట పితృవధ, మఱియొకచోట గర్వభంగము. కన్య దుఃఖమునకు ఈ రెంటి నడుమ గల వ్యత్యాసము సామాన్యమైనది కాదు.

ఈ అంగములను నేటి హైదరాబాదునకు అన్వయించి చూతము. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన పిదప హైటెక్ సిటీ, గచ్చిబౌలి ప్రాంతములకు నానా జిల్లాల యువతీయువకులు ఉద్యోగార్థులై చేరిరి. ప్రద్యుమ్నునకు నాట్యమెట్టిదో వీరికి ఉద్యోగమట్టిది. అది కులముల కోటలను దాటించు మిష. కాని గృహద్వారము మాత్రము తెఱవబడలేదు. 2020 సెప్టెంబరులో, కులాంతర వివాహము చేసికొనిన ఒక యువకుడు గచ్చిబౌలి ప్రాంతమునుండి అపహరింపబడి హతుడైనాడు. భార్య బంధువులే నిందితులుగా అరెస్టయిరి.

ఇచట ఒక భేదము గుర్తింపదగినది. పాశ్చాత్య నవలలోని నేరకుటుంబము ధనమునకై నేరము చేయును. మన సమాజమున, నేరమెఱుగని కుటుంబమే పరువు పేరిట హంతకులను వెదకుట కలదు. కావున మనకు శత్రుగృహము వేఱుగా లేదు, అది పుట్టినిల్లే. వజ్రనాభుని ఎదిరించుటకు యాదవవీరులు కలరు. నేటి దంపతులకు చట్టమే దిక్కు. వయస్సు వచ్చిన ఇరువురు పరస్పరము వరించుకొనినచో కుటుంబ సమ్మతి అవసరము లేదని సుప్రీంకోర్టు 2018 మార్చి 27న తీర్పు చెప్పి, అట్టివారికి రక్షణ కల్పింపవలెనని ప్రభుత్వములను ఆదేశించినది.

ఇట్టి నవలలను పరిశీలించు విద్యార్థి ముఖ్యముగా ఒక ప్రశ్న వేసికొనవలెను: రచయిత తండ్రి క్రౌర్యమును వైభవముగా చిత్రించెనా, లేక ప్రేమింపబడుచునే భయపడు కుమార్తె హృదయమును చూపెనా? కిశోర పాఠకులు చదువుచున్నది తమ ఇంటి కథయే కావచ్చును గనుక, ఈ ప్రశ్న కేవలము శిల్పమునకు సంబంధించినది కాదు.