బోను కాదు... బుజ్జి గది!

కుక్కపిల్లను ‘క్రేట్’కి అలవాటు చేద్దామనగానే ముందు అడ్డుపడేది అమ్మమ్మే- ‘నోరులేని జీవాన్ని బోనులో పెడతారా’ అంటూ! ఆవిడ మాటా నిజమే. లోపలికి తోసి తలుపేస్తే అది బోనే. తనంతట తానే వెళ్లి పడుకుంటే మాత్రం సొంత గది.

పిల్ల నిలబడి, చుట్టూ తిరిగి, కాళ్లు చాపుకుని పడుకునేంత ఉంటే చాలు. మరీ పెద్దదైతే ఒక మూల పడక, ఇంకో మూల మరుగుదొడ్డి చేసేస్తుంది! మొదట్లో తలుపు తీసే ఉంచి, అన్నం గిన్నె లోపల పెట్టాలి. తింటున్నప్పుడు ఒక్క నిమిషం మూసి, ఏడుపు మొదలవకముందే తీయాలి. ఆ నిమిషాన్ని రోజూ కాస్త కాస్త పెంచాలి. మూడు నెలల పిల్ల పగలు మూడు నాలుగు గంటలకు మించి మూత్రం ఆపుకోలేదు. పొద్దున ఆఫీసుకెళ్తూ మూసి సాయంత్రం తీస్తామంటే కుదరదు. అల్లరికి శిక్షగా అయితే అందులో వేయనేకూడదు.

మెడపట్టీ ఊచలకు చిక్కుకుంటే ప్రాణం మీదికొస్తుంది, తీసేయాలి. మన ఎండల్లో బాల్కనీ అసలే వద్దు. కుక్క ప్రధానంగా రొప్పుతూనే ఒంటి వేడి తగ్గించుకుంటుంది, వడగాలిలో అదీ చాలదు. హాల్లో, ఫ్యాను గాలి తగిలేచోట, మనుషులు కనిపించేలా పెడితే మేలు. దీపావళి రాత్రి తలుపు తీసి, పైన ఓ పాత దుప్పటి కప్పి ఉంచితే టపాసుల మోతకు అదే వెళ్లి అందులో దూరుతుంది.